ఎలాగూ విప్పాం కదా!

పాత కార్లను ఇంట్లోనే బాగుచేసుకునే వాళ్ళ మధ్య ఒక మాట చెలామణీలో ఉంది. ఇంజిను బయటికి తీసినవాళ్ళు ఎవరైనా ఏదో ఒక క్షణంలో అనకుండా ఉండలేని మాట: "ఎలాగూ విప్పాం కదా, ఇది కూడా చేసేద్దాం." ఇంగ్లీషు వాళ్ళ దగ్గరా ఇదే అర్థం వచ్చే మాట ఉంది. సగం జోకు, సగం హెచ్చరిక. క్లచ్ ప్లేటు మార్చడానికని ఒక శనివారం మొదలైన పని ఈ ఒక్క మాట పట్టుకుని సాగి సాగి, రెండేళ్ళ తర్వాత కూడా కారు గ్యారేజీలో దుప్పటి కప్పుకుని పడి ఉండటం వాళ్ళందరికీ తెలిసిన కథే.

"ఎలాగూ" అన్న మాట మీద నాకు చాలాకాలంగా అనుమానం. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి మాటల్ని పట్టుకు వేలాడటం నా వృత్తి. ఇది కారణంలా వినిపిస్తుంది గానీ కారణం కాదు. "ఎలాగూ వంటింట్లోనే ఉన్నావుగా, నలుగురికీ టీ పెట్టు." "ఎలాగూ సెలవులకి ఊరొస్తున్నావుగా, పెళ్ళిచూపులు కూడా పెట్టేస్తాం." "ఎలాగూ ఇంటిదగ్గరే కూర్చుని రాసుకుంటావుగా, మామయ్యగారికి వేళకి మందులిస్తుండు." ఇలా అనేవాళ్ళు అవసరం గురించి మాట్లాడరు, అందుబాటు గురించి మాట్లాడతారు. చేతికి అందింది గనక వాడుకోవచ్చు, తెరిచి ఉంది గనక చెయ్యి పెట్టొచ్చు. ఆడవాళ్ళ సమయం మీదా శరీరం మీదా ఈ మాట ఎంత సులువుగా చెల్లుతుందో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే ఆ మాటని నిలబెట్టి ప్రశ్నించడం ఎలాగో నాకు ఈ మధ్య ఒక కారు దగ్గర తెలిసింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

పోస్ట్ డాక్టరల్ పరిశోధన కోసం వచ్చి, ఆక్స్‌ఫర్డ్ పక్కన ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్ళో ఒక పెద్దావిడ ఇంట్లో పైగది అద్దెకి తీసుకుని ఉంటున్నాను. ఎం.జి. స్పోర్ట్స్ కార్ల ఫ్యాక్టరీ 1929 నుంచి 1980 దాకా ఈ ఊళ్ళోనే ఉండేది. అక్కడ తయారైన వాటిలో అందరికీ బాగా తెలిసినది ఎం.జి.బి. 1962లో మొదలై 1980లో ఫ్యాక్టరీ మూతపడే దాకా ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. మా ఓనరమ్మ గ్యారేజీలో ఉన్నది 1972 నాటిది, ముదురాకుపచ్చ రంగుది, పైకప్పు వెనక్కి మడిచే రెండు సీట్ల బండి. భర్త పోయి నాలుగేళ్ళయింది. ఆవిడకి డెబ్భైనాలుగు. కారు అమ్మెయ్యమని పిల్లలంటారు. ఆవిడ అమ్మదు. ఎండ కాసిన రోజున పల్లెదారుల్లో పదిహేను మైళ్ళ అవతల ఉన్న చెల్లెలింటికి దాని మీద వెళ్ళొస్తుంది.

ఈ బండితో నాకూ ఒక దూరపు చుట్టరికం ఉంది. ఎం.జి.బి. ఇంజిను 1798 సీసీది, బి.ఎం.సి. వాళ్ళ బి-సిరీస్ కుటుంబానికి చెందినది. మన అంబాసిడర్ కారులో దశాబ్దాల పాటు తిరిగిన 1489 సీసీ ఇంజిను కూడా ఆ కుటుంబమే. అంబాసిడర్ అసలు రూపమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ తయారైన కౌలీ ఇక్కడికి బస్సు దూరం. మా నాన్న విజయవాడలో అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. మొదటిసారి ఆవిడ బానెట్టు ఎత్తినప్పుడు ఆ ఇంజినుని చూసి, "దీని చెల్లెలు మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది" అన్నాను. ఆ రోజు నుంచి అద్దెకున్న పిల్లని కాస్తా గ్యారేజీ మనిషినయ్యాను.

పోయిన చలికాలంలో క్లచ్ జారడం మొదలైంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిను మోత పెరుగుతోంది గానీ బండి వేగం అందుకోవడం లేదు. క్లచ్ ప్లేటు అరిగిపోయిందన్నమాట. చాలా బండ్లకి గేర్‌బాక్సు కింది నుంచి దింపి క్లచ్ మార్చేస్తారు. ఎం.జి.బి.కి ఆ వీలు లేదు. ఇంజినుని ముందుకీ పైకీ లాగి బయటికి తియ్యాల్సిందే. అరచేయంత మందం కూడా లేని ఒక పళ్ళెం కోసం గేర్‌బాక్సుతో కలిపి ఇంచుమించు 200 కిలోల ఇనుముని ఎత్తాలి. మన మెకానిక్కులు "ఇంజిను దింపాలి" అంటారు. ఇక్కడ ఎత్తుతారు, పని మాత్రం ఒకటే. దారి చెయ్యడమే పెద్ద పని, చేరాక చేసే పని చిన్నది. "ఎలాగూ" పుట్టేది సరిగ్గా ఇక్కడే.

పని మొదలుపెట్టే ముందు ఆవిడ భర్తగారి నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. 1984 నుంచి ఆ బండికి చేసిన ప్రతి పనీ అందులో ఉంది. స్త్రీల ఉత్తరాలూ డైరీలూ నా సిద్ధాంత వ్యాసానికి వస్తువు కాబట్టి ఏ చేతిరాత కనపడినా నేను అలాగే చదువుతాను. ఇంగ్లీషులో ఇలాంటి పుస్తకాల్లో వాక్యానికి కర్త ఉండదు. క్లచ్ మార్చబడింది. ఆయిల్ సీలు వేయబడింది. తెలుగులో అయితే క్రియ దగ్గరే మనిషి దొరికిపోతాడు: మార్చాను, మార్చాం, మార్చాడు. ఇంగ్లీషు ఆ మనిషిని దాచుకోనిస్తుంది. రెండుసార్లు ఇంజిను బయటికి తీసినట్టు ఉంది ఆ పుస్తకంలో. కొనాల్సిన సామాన్ల జాబితాలు మాత్రం వేరే చేతిరాతలో ఉన్నాయి. గుండ్రంగా, కుదురుగా. "ఇది మీ రాత కదా?" అని అడిగాను. "సామాన్లు నేనే తెప్పించేదాన్ని. పని జరుగుతున్నప్పుడు టార్చి నేనే పట్టుకునేదాన్ని" అంది.

నలభై ఏళ్ళు టార్చి పట్టుకున్న మనిషికి ఏమేం తెలుస్తాయో ఊహించండి. వెలుగు ఎక్కడ పడాలో తెలియాలంటే చెయ్యి ఎక్కడికి వెళ్ళబోతోందో ముందే తెలియాలి. ఏ బోల్టు వెనక ఇంకో బోల్టు దాక్కుని ఉందో ఆవిడకి తెలుసు. ఇంజినుని గేర్‌బాక్సుతో సహా లాగేటప్పుడు బాగా ఏటవాలుగా వంచాలి కాబట్టి గేర్‌బాక్సు ఆయిలు ముందే తీసెయ్యకపోతే తోక వైపు నుంచి నేలంతా కారుతుందని తెలుసు. బానెట్టు విప్పే ముందు కీళ్ళ చుట్టూ పెన్సిలుతో గీత గీసుకోకపోతే తిరిగి బిగించినప్పుడు సందులు సమంగా రావని తెలుసు. గేరు రాడ్డుని బండి లోపలి నుంచి ముందే విప్పాలని తెలుసు. ఇవేవీ ఆ పుస్తకంలో లేవు. "నాకు మెకానిజం రాదు, ఊరికే చూశాను" అంటుంది ఆవిడ. మన అమ్మమ్మలు "నాకేం చదువొచ్చు" అనే గొంతు అది. ఇప్పుడు ఆవిడ వేళ్ళకి కీళ్ళవాతం. స్పానరు నేను పడతాను, టార్చి ఆవిడ దగ్గరే ఉంది. కాకపోతే ఈసారి ఏం చెయ్యాలో చెప్పేది టార్చి పట్టుకున్న మనిషి.

ఒక పెద్ద అట్టముక్క గ్యారేజీ గోడకి తగిలించి జాబితా మొదలుపెట్టాం. తెలిసినవాళ్ళని అడిగాం, పాత పుస్తకం చూశాం, విడిభాగాల కేటలాగు తిరగేశాం. మొదటి సాయంత్రానికి 29 పనులు చేరాయి. అన్నిటికీ కారణం ఒకటే: ఎలాగూ ఇంజిను బయట ఉంటుంది కదా. ఆ జాబితా చూసి నాకు భయమేసింది. అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది.

నాన్న టాక్సీకి ఇంజిను పని వచ్చినప్పుడల్లా ఆటోనగర్‌కి అమ్మ కూడా వెళ్ళేది. డబ్బు లెక్క అమ్మది. పద్దు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని షెడ్డు ముందు ఇనప కుర్చీలో కూర్చునేది. మెకానిక్ ఒక్కొక్కటే చదివేవాడు: "ఎలాగూ దింపాం గదమ్మా, ఇదీ మార్చేద్దాం." అమ్మ ప్రతిదానికీ రెండే ప్రశ్నలు అడిగేది. "ఇది ఇప్పుడు చెయ్యకపోతే ఏమవుద్ది?" "దీనికోసం మళ్ళీ ఇంజిను దింపాల్సొస్తదా?" రెండింటికీ సూటిగా జవాబు వస్తేనే పద్దులో ఎక్కేది. లేకపోతే, "అది చెడినప్పుడు చూద్దాంలే" అనేది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. పరిశోధనా పద్ధతుల మీద నేను కోర్సులు చేశాను గానీ ఇంతకంటే పనికొచ్చే రెండు ప్రశ్నలు నాకెవరూ నేర్పలేదు.

అట్టముక్క మీద రెండు గళ్ళు గీసి ఆ ప్రశ్నలు రాశాను. మూడు సాయంత్రాలు పట్టింది అన్నీ వాటి ముందు నిలబెట్టడానికి.

కొన్ని పనులు వెంటనే తేలాయి. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, వాటిని నొక్కే బేరింగు మూడూ కలిపే మార్చాలి. ఎం.జి.బి.లో ఆ బేరింగు గ్రాఫైటుతో చేసిన ఉంగరం, అరగడం దాని స్వభావం. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ ఇంత పనీ చెయ్యాలి. క్రాంకు షాఫ్టు వెనక ఆయిల్ సీలు ఫ్లైవీలు చాటున ఉంటుంది. దాని ఖరీదు చాలా తక్కువ, చేరుకునే దారి మాత్రం ఇదొక్కటే. అది కారితే కొత్త క్లచ్ నూనెలో తడిసి మళ్ళీ జారుతుంది. ఇంజినునీ గేర్‌బాక్సునీ మోసే రబ్బరు దిమ్మలు, బ్లాకు పక్కన నీటి గదులని మూసి ఉంచే పల్చటి బిళ్ళలు, గేర్‌బాక్సు చివర సీలు ఇవన్నీ ఇదే కోవలోవి. తక్కువ ధర, చాలా దూరపు దారి. "ఎలాగూ"కి న్యాయమైన చోటు ఉందంటే అది ఇక్కడే.

కొన్ని వెంటనే కొట్టేశాం. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోవాలంటే డిస్ట్రిబ్యూటరు మూత తీస్తే చాలు, ఏ ఆదివారమైనా చెయ్యొచ్చు. రేడియేటరుకి కరెంటు ఫ్యాను, థర్మోస్టాటు, ఎస్.యు. కార్బురేటర్ల ఓవర్‌హాలింగు, వీటిలో దేనికీ ఇంజిను బయటికి రానక్కర్లేదు. బాడీ కింద తుప్పు అసలు ఇంజినుకి సంబంధించినదే కాదు. పని ఒకటే చోట జరుగుతోంది గనక అన్ని పనులూ ఒకటే అనిపించడం వల్ల ఇవి జాబితాలోకి వచ్చాయి.

ఇక మూడో రకం. టైమింగు చెయిను, లోపలి బేరింగులు, సిలిండర్లు, పిస్టను రింగులు. "ఎలాగూ తీశాం కదా, మొత్తం విప్పి బోరు చేయించేస్తే కొత్తదానిలా ఉంటుంది" అని సలహా ఇచ్చినవాళ్ళే ఎక్కువ. ఆవిడ దానికి ఒప్పుకోలేదు. ఇంజిను ఇంకా బండిలో ఉండగానే, వేడిగా ఉన్నప్పుడు, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూడమంది. నాలుగు రీడింగులూ ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. ఆయిల్ ప్రెషరు ముల్లు నిలబడాల్సిన చోట నిలబడింది. పొగ లేదు. "లోపల బాగానే ఉంది. బయటికి తీస్తున్నాం అంతే, విప్పడం లేదు" అంది. ఈ తేడా నాకు అప్పటిదాకా తట్టలేదు. బయటికి తియ్యడం వేరు, విప్పడం వేరు. ప్రణాళిక అనేది పానా పట్టుకున్నాక మొదలయ్యేది కాదు. తియ్యక ముందే కొలవాలి, వినాలి, ఏ గేరులో ఏ చప్పుడు వస్తోందో రాసుకోవాలి. తీసేశాక ఆ గొంతు ఉండదు. అప్పుడు మాట్లాడేది చూసేవాళ్ళ కళ్ళే, అనుమానాలే.

మరమ్మతులు తేలాక మెరుగుదలల గురించి మాట్లాడుకున్నాం. అసలు గొడవ ఇక్కడుంది. ఎం.జి.బి.కి చాలామంది మొట్టమొదట చేయించేది ఓవర్‌డ్రైవు ఉన్న గేర్‌బాక్సు. మా బండి తయారైన నాటికి అది అడిగినవాళ్ళకే వేసేవారు, దీనికి లేదు. అది ఉంటే పెద్ద రోడ్ల మీద అదే వేగానికి ఇంజిను దాదాపు ఐదోవంతు తక్కువ తిరుగుతుంది, మోత తగ్గుతుంది. ఇంజిను బయట ఉన్నప్పుడు చేసుకోవడమే సుఖం. రెండు ప్రశ్నలకీ మంచి మార్కులే వచ్చాయి. ఆవిడ అడిగింది: "పెద్ద రోడ్డెక్కేది ఎవరు?" ఆవిడ మోటార్‌వే ఎక్కదు, పల్లెదారిలో చెల్లెలింటికి వెళ్తుంది. ఈ మెరుగుదల గంటకి డెబ్భై మైళ్ళతో ఎక్కడికో దూసుకుపోయే ఇంకెవరి కోసమో. ఆ ఇంకెవరో మగవాడని చెప్పక్కర్లేదు, కేటలాగులో బొమ్మ చూస్తే తెలుస్తుంది. కొట్టేశాం. అమ్మ రెండు ప్రశ్నల పక్కన మూడో గడి వచ్చింది: ఇది ఎవరి కోసం?

సీసం లేని పెట్రోలు సంగతీ అంతే. బ్రిటన్‌లో 2000 జనవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు మామూలు అమ్మకంలో లేదు. మన దేశంలోనూ ఆ ఏడాదే పోయింది. పాత ఇంజిన్లలో ఎగ్జాస్టు వాల్వు కూర్చునే చోట సీసం పల్చటి పొరలా కాపాడేది. అది లేకుండా ఎక్కువ వేగంతో ఎక్కువ దూరం తిరిగితే ఆ చోటు అరుగుతుంది, గట్టి లోహపు ఉంగరాలు వేయించుకోవాలి. కానీ హెడ్డు విప్పడానికి ఇంజిను తియ్యక్కర్లేదు. ఏడాదికి వెయ్యి మైళ్ళు కూడా తిరగని బండికి ట్యాంకులో కలిపే మందు చాలు. పెట్రోలు గొట్టాలు మాత్రం ఉంచాం. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్లో 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. పాత రబ్బరుని అది తినేస్తుంది, నిప్పు అంటుకునే ప్రమాదం. దానికి "ఎలాగూ" తోడు అక్కర్లేదు, అది అచ్చంగా అవసరం.

చివర్లో ఆవిడ తనంతట తాను ఒక పని రాసింది: డ్రైవరు సీటు పట్టాలు ముందుకి జరపాలి. ఆవిడ ఐదడుగుల మనిషి. నలభై ఏళ్ళుగా వీపు వెనక దిండు పెట్టుకుని, కాలు చాచి క్లచ్ తొక్కుతోంది. సీటు ఆరడుగుల మనిషి కొలతకి బిగించి ఉంది. "దీనికి ఇంజినుతో సంబంధం లేదు కదా, ఎప్పుడైనా చెయ్యొచ్చు" అన్నాను, మా నియమం ప్రకారం. "అవును, ఎప్పుడైనా చెయ్యొచ్చు గనకే ఎప్పుడూ చెయ్యలేదు. దాన్ని అన్నిటికంటే పైన రాయి" అంది. పైనే రాశాను. అందుబాటులో లేనివాటికి అంత పెద్ద ప్రణాళికలు వేసిన ఇంట్లో, చెయ్యి చాస్తే అందే నాలుగు బోల్టులు నలభై ఏళ్ళు అలాగే ఉండిపోయాయి.

ఎస్.యు. కార్బురేటర్ల పేరు వచ్చింది కాబట్టి ఒక ఇంజినీరు గురించి చెప్పాలి. బియాట్రిస్ షిల్లింగ్ (1909–1990). ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో కార్బురేటర్ల మీద పనిచేసేది. 1934లో బ్రూక్‌లాండ్స్ ట్రాకు మీద మోటారు సైకిలు గంటకి 106 మైళ్ళ వేగంతో నడిపి గోల్డ్ స్టార్ సంపాదించిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ యుద్ధ విమానాల మెర్లిన్ ఇంజిన్లకి ఎస్.యు. కార్బురేటర్లు ఉండేవి. విమానం ముక్కు కిందికి వంచి ఒక్కసారిగా దూకితే ఇంజిను ఆగినంత పని అయ్యేది. మొదట ఇంధనం అందక, ఆ వెంటనే ఇంధనం మితిమీరి. దీనికి పూర్తి విరుగుడుగా కొత్తరకం కార్బురేటరు రావాలంటే ఇంకా సమయం పడుతుంది. షిల్లింగ్ తయారుచేసింది మధ్యలో సన్నని రంధ్రం ఉన్న ఒక చిన్న లోహపు ముక్క. ఇంధనం వచ్చే దారిలో దాన్ని పెడితే ప్రవాహం హద్దులో ఉంటుంది. విమానాన్ని యుద్ధంలోంచి తప్పించి షెడ్డుకి పంపకుండానే బిగించవచ్చు. 1941లో ఆమె తన బృందంతో వైమానిక స్థావరాలన్నీ తిరిగి వాటిని పెట్టించింది. ఆ ముక్కకి సైనికులు పెట్టిన ముద్దుపేరులో ఒక బూతు శ్లేష ఉంది. అప్పటికి పెళ్ళయి మూడేళ్ళయినా ఆ పేరులో ఆమె "మిస్" గానే మిగిలింది. ఆమె గురించి రాసేవాళ్ళు ఆ జోకు చెప్పకుండా ఉండరు. నాకు ఆ జోకు కంటే ఆ పని తీరు గొప్పగా కనిపిస్తుంది. వీలైనంత తక్కువ విప్పి జబ్బు నయం చెయ్యడం. అన్నీ ఊడదీసి కొత్తవి పెట్టడాన్ని ప్రతిభ అనుకునే చోట ఈ నిగ్రహానికి పేరు రాలేదు.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. 2001లో అమ్మకి 33 ఏళ్ళు. నెలసరి ఎక్కువగా అవుతోందని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళింది. గర్భసంచి తీసెయ్యాలన్నారు. "ఎలాగూ ఇద్దరు పిల్లలున్నారు కదా" అన్నారు. సంతకం నాన్న పెట్టాడు. కోత కోశాక, ఎలాగూ కడుపు తెరిచాం కదా అని రెండు అండాశయాలూ తీసేశారు. ఆ విషయం అమ్మకి ఎవరూ చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత వేరే నొప్పికి స్కానింగు చేసినచోట తెలిసింది. అప్పటికి ఒళ్ళంతా ఆవిర్లు, నిద్రలేని రాత్రులు, ఎముకల గుల్లతనం అన్నీ తన ఖర్మ అనుకుని మోసేసింది. నలభై ఎనిమిదో ఏట వాకిట్లో జారితే మణికట్టు విరిగింది. మెనోపాజ్ రావాల్సిన వయసు కంటే ఎంతో ముందు అండాశయాలు తీసేస్తే ఎముకలకీ గుండెకీ ఎంత చేటో వైద్యులకి తెలియని సంగతి కాదు.

ఇది ఒక్క మా అమ్మ కథ కాదు. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మన రెండు రాష్ట్రాలదే ముందు వరస. 1995లో ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే 44 ఏళ్ళ స్త్రీ పరీక్ష కోసం మాత్రమే మత్తుమందు తీసుకుంది. ఆమె స్పృహలో లేనప్పుడు బయట కూర్చున్న తల్లి చేత ఒప్పించుకుని గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పరీక్షకి ఇచ్చిన అంగీకారం ఆపరేషనుకి అంగీకారం కాదని, ప్రాణాపాయం లాంటి అత్యవసరం లేనప్పుడు అదనపు శస్త్రచికిత్స వల్ల రోగికి సమయమూ డబ్బూ కలిసొచ్చినా సరే అది చెల్లదని 2008 జనవరిలో కోర్టు తీర్పు చెప్పింది. అంటే "ఎలాగూ కోశాం కదా" చెల్లదని. ఆ తీర్పు చదువుతున్నంతసేపూ నాకు ఆటోనగర్‌లో ఇనప కుర్చీ కనిపిస్తూనే ఉంది. టాక్సీ ఇంజినుకి అమ్మ రెండు ప్రశ్నలు అడగగలిగింది. మెకానిక్ జవాబు చెప్పాడు. ఆవిడ లెక్క రాస్తుంటే ఆగాడు. అవే ప్రశ్నలు తన కడుపు గురించి అడగడానికి అమ్మకి కుర్చీ వెయ్యలేదు. యంత్రాన్నీ స్త్రీ శరీరాన్నీ పోల్చడం అవమానం అనే విమర్శ నేను చదివాను, చాలా సందర్భాల్లో ఒప్పుకుంటాను. కానీ మా ఇంట్లో యంత్రానికి దక్కిన మర్యాద అమ్మ శరీరానికి దక్కలేదు.

ఇవన్నీ ఇప్పుడు ఎందుకు కలిసొచ్చాయంటే నాకూ ఫైబ్రాయిడ్ గడ్డలున్నాయి. గర్భసంచిని ఉంచి గడ్డలు మాత్రం తీసే ఆపరేషనుకి తేదీ వచ్చింది. ఆ తర్వాత ఆరు వారాలు బరువులెత్తకూడదు కాబట్టి ముందు కారు పని, తర్వాత నా పని అని ఆవిడా నేనూ వరస వేసుకున్నాం. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వాడే అంగీకార పత్రంలో, ఆపరేషను మధ్యలో అవసరపడగల అదనపు చికిత్సల గురించి నాకు చెప్పారని ఒక వాక్యం ఉంటుంది. దాని కింద కొంచెం ఖాళీ స్థలం. మళ్ళీ నాతో మాట్లాడకుండా ఏవేవి చెయ్యకూడదో రాసుకోమని. చాలామంది ఆ ఖాళీని చూడకుండానే సంతకం పెడతారట. అమ్మకి అలాంటి ఖాళీ లేదు. నాకున్న దాన్ని ఖాళీగా వదలడం నాకు ఇష్టం లేదు.

ఒక సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి ఆ వాక్యం తెలుగులో చదివి వినిపించాను. రక్తం ఆగకపోతే ప్రాణం కోసం గర్భసంచి తీయాల్సి రావచ్చని, అది అరుదే అయినా నిజమైన ప్రమాదమని డాక్టరు చెప్పింది కూడా చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పద్దు పుస్తకం గొంతుతో అడిగింది: "అది అప్పుడు చెయ్యకపోతే ఏమవుద్ది?" ప్రాణం పోవచ్చు అన్నాను. "అయితే అది చేయించుకో. అండాశయాలు?" అవి బాగానే ఉన్నాయి, గడ్డలతో సంబంధం లేదు అన్నాను. "అయితే ముట్టుకోవద్దని రాయి. తెలుగులో కూడా రాయి, వాళ్ళకి అర్థం కాకపోయినా." నవ్వాను. అమ్మ నవ్వలేదు.

ఇంగ్లీషులో రాశాను. పక్కనే అదే వాక్యం తెలుగులోనూ రాశాను. ఆసుపత్రిలో నర్సు అదేమిటని అడిగింది. మా అమ్మ సంతకం లాంటిదని చెప్పాను. సరేనని పత్రం నకలు ఫైల్లో పెట్టింది.

గ్యారేజీలో అట్టముక్క మీద 29 పనుల్లో 15 కొట్టేశాం, ఆవిడ సీటుతో కలిపి 15 మిగిలాయి. ఎత్తే క్రేను వచ్చే నెల రెండో శనివారానికి అద్దెకి చెప్పాం. ఖాళీ ఆవకాయ సీసాలు కడిగి ఆరబెట్టాను, ఏ బోల్టులు ఎక్కడివో వాటిలో వేసి పేర్లు అంటించాలి. ఇంజిను బయటికి వచ్చాక, మేము ఊహించనిది ఏదైనా కనపడితే ఆ రోజు పని ఆపి, టీ తాగి, మూడు ప్రశ్నలు అడిగాకే చెయ్యి పెట్టాలని ఆవిడ షరతు. నోటుపుస్తకంలో కొత్త పేజీ తెరిచి తేదీ వేసింది. కిందటి పేజీల్లా కర్త లేని వాక్యాలు వద్దన్నాను. అందుకని మొదటి వాక్యం మా ఇద్దరి పేర్లతో మొదలవుతుంది.